తోకను చూసింది నేను

ఆగస్టు 4, సోమవారం

శైలజ ఆళ్ళగడ్డకు పోయి ఈరోజుకు యాభై మూడు రోజులు. పది రోజులని చెప్పి పోయింది.

రాసే చేయి ప్రమీలమ్మది, మాట నాది. నాకు అక్షరం రాదు. ఆమె పక్కింటావిడ, బడిలో తెలుగు చెప్పి రిటైరైంది. నేను చెప్పింది సాపు చేసి రాస్తానంటుంది. చేసుకోనీ. మాట సాపు చేయవచ్చు, విషయం సాపు చేయకూడదు. ఆ షరతు మీదనే కాఫీ. ఎవరైనా నోటితో అన్న మాట మాత్రం అన్నది అన్నట్టే రాయమన్నాను. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి ఉండాలి.

శైలజ నా కూతురి కూతురు. తల్లి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. తల దువ్వింది, బడికి పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో పెట్టుకున్నది ఈ చేతులే. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. బెంగళూరు కంపెనీ, ఇంట్లో కూర్చుని చేసే పని. జూన్‌లో కాలువ పనికి మా వీధి తవ్వి నెట్ వైరు తెంపారు. "చిన్నవ్వ ఇంట్లో నెట్ బాగుంటాది, పది రోజులుండి వస్తా అవ్వా" అంది.

చిన్నవ్వ అంటే నా చెల్లెలు నరసమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. అయ్యో ఒంటరిది అని ఊరంతా జాలి. జాలీ దానికే, పాపా దాని ఇంట్లోనే. మరి నాకేం మిగిలింది?

వైరు అతికించి మూడు వారాలైంది. నేనే దగ్గరుండి అతికించాను. ఆ మనిషి స్తంభం దిగేదాకా కింద నుంచి కదల్లేదు. "దిగినాక మళ్ళీ రానవ్వా, సరిగ్గానే ఏసినా" అన్నాడు పాపం. వైరు వచ్చింది. పాప రాలేదు.

ఆగస్టు 5

నరసమ్మ ఫోన్. "మన పాప బాగుండాదిలే అక్కా, నువ్వేం బెంగ పెట్టుకోవాకు" అంది.

మన పాప! ఎవరు పంచారు?

ఆగస్టు 6, బుధవారం

ఈరోజు శైలజ ఫోన్లో మొగం చూపించింది. చిక్కిపోయింది. అక్కడ ఏం పెడుతున్నారో... అడిగితే "రోజూ సంగటే అవ్వా, బాగుంటాది" అంటుంది. నా సంగటి పక్కన పెట్టి లేచిపోయేది ఇదే.

ఎందుకు రావడం లేదే అంటే పని అంటుంది. ఏం పని అంటే ఈసారి విడమరిచి చెప్పింది. నాకు అర్థమైనంత రాయిస్తున్నాను.

వాళ్ళ కంపెనీ కొట్లు ఊరూరా ఉన్నాయి. ప్రతి కొట్లో ఒక పెట్టె. మూడు వందల పెట్టెలు. ఆ పెట్టెలు బాగున్నాయో లేదో రోజూ పొద్దున్నే అడిగి రావాలి. మనిషి పోలేదు కాబట్టి శైలజ ఒక ప్రోగ్రాం రాసింది. అది ఇక్కడ నుంచే తీగ మీద పోతుంది. మొదటి పెట్టె దగ్గర పేరు చెబుతుంది, రహస్యం మాట చెబుతుంది. పెట్టె ఒక గుర్తు పెడుతుంది — ఇక అడుగు అని. ప్రోగ్రాం అడుగుతుంది, పెట్టె జవాబు చెప్పి చివర మళ్ళీ అదే గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసుకుని జవాబు రాసుకుని బయటికొచ్చి, పక్క పెట్టెకు పోతుంది. మూడు వందలూ తిరిగేసరికి కాఫీ పొద్దు.

ఏడాదిగా బాగా నడిచింది. పోయిన నెల ఎవరో ఆ పెట్టెల లోపల ఏదో కొత్తది ఎక్కించారు. అప్పటి నుంచి కొన్ని పెట్టెల దగ్గర ప్రోగ్రాం నిలిచిపోతోంది. అడుగుతుంది, నిలబడుతుంది, చూసి చూసి టైం అయిపోయిందని ఉత్తచేతులతో వచ్చేస్తుంది.

"చేత్తో నేను పోయి అడిగితే పలుకుతాది అవ్వా. ప్రోగ్రాంను పంపితే పలకదు. అదే నాకు అంతు పట్టడంలే."

పలకదు మరి. తాను పోకుండా ఇంకొకరిని పంపితే ఏ గడప పలుకుతుంది? నువ్వూ ఫోన్‌నే పంపుతున్నావు, మనిషివి రావడం లేదు... ఇది పాపతో అనలేదు. ఇక్కడ రాయిస్తున్నాను.

నెలాఖరులోగా చక్కబెట్టకపోతే బెంగళూరు వచ్చి ఆఫీసులో కూర్చో అన్నాడట మేనేజరు. చక్కబడితే ఎక్కడ నుంచైనా చేసుకోవచ్చు.

మాట్లాడుతుండగానే వెనక నుంచి నరసమ్మ గొంతు. "ప్రాంప్ట్ వచ్చినాదా పాపా?"

ప్రాంప్ట్ అంటే పెట్టె పెట్టే ఆ గుర్తేనట. దానికి తెలుసు. నాకు ఈరోజు తెలిసింది.

ఫోన్ పెట్టేశాక మా ఆయన వాకిట్లో నుంచి, "బెంగళూరు పోతే మీ ఇద్దరికీ లేదు, తగువు తీరిపోతాది" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. కానీ నరసమ్మకు కూడా లేకుండా పోతుందన్న మాట వినగానే నాకు లోపల ఒక్క క్షణం చల్లగా అనిపించింది. రాయి ప్రమీలమ్మా, పెన్ను ఆపొద్దు. అనిపించింది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. భక్షాలు చేశాను. శైలజకు ఇష్టమని చేశాను, వస్తుందని కాదు. నలుగురికి పంచినా ఇంకా డబ్బా నిండా ఉన్నాయి.

మధ్యాహ్నం నరసమ్మ ఫోటో పంపింది. శైలజ ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. ఆ చీర నాది. నేను దాచి దాచి దానికిచ్చింది. మెడలో గొలుసు నరసమ్మది. నా చీర మీద దాని గొలుసు!

ఫోటో కూడా వంకర. పాప తల సగం లేదు, దేవుడి మందసం మొత్తం ఉంది. ఫోటో తీయడం కూడా చేతకాదు, పాప మాత్రం కావాలి.

ఆగస్టు 10

నిద్ర పట్టడం లేదు. రేపు పోతాను. పిలవలేదు. పోతాను.

ఆగస్టు 11, సోమవారం — ఆళ్ళగడ్డ

ఈ రెండు రోజులవీ ఇంటికొచ్చాక చెబుతున్నాను. ప్రమీలమ్మ తేదీలు విడదీసి వేసింది.

బస్టాండులో ఎవరినీ అడగను. ఆళ్ళగడ్డ బోర్డు నాకు అక్షరాలుగా తెలియదు, ఆకారంగా తెలుసు. రెండు చోట్ల అక్షరం కింద అక్షరం వేలాడుతుంది. అలా వేలాడిన బస్సు ఎక్కితే ఇంతవరకు తప్పు ఊరికి పోలేదు. భక్షాల డబ్బా ఒళ్ళో. శిరివెళ్ళ దాటేదాకా పక్కామె ఏందవ్వా వాసన అని అడుగుతూనే ఉంది. ఒకటి పెట్టాను, ఊరుకుంది.

నన్ను చూసి శైలజ గడపలోకి పరుగెత్తుకొచ్చింది. "అవ్వా! చెప్పకుండా వచ్చినావే!" నా మనవరాలిని చూడడానికి చెప్పి రావాలా? వెనక నరసమ్మ. "ఎవరు పాపా?" అంటోంది.

తోడబుట్టినదాన్ని, ఎదురుగా నిలబడి ఉంటే ఎవరు పాపా అట. అంత పొగరు పట్టింది.

"మీ అక్కను. నంద్యాలలో ఉంటా. మర్చిపోయినట్టుండావు" అన్నాను.

"ఎండలో నిలబడితే ఎట్ల తెలుస్తాదక్కా, రా" అని నవ్వింది.

ఆ ఇంట్లో జరుగుతున్నది చెబుతాను, రాయి. పాప నరసమ్మ చేయి పట్టుకుని పెరట్లోకి నడిపిస్తుంది, కొత్త పెళ్ళికూతురిని నడిపించినట్టు. కాఫీ గ్లాసు చేతికందించి వేళ్ళు మూసి మరీ ఇస్తుంది. నాకు గట్టు మీద పెట్టి పోయింది. "అవ్వా, కాఫీ ఆడుండాది తీసుకో."

ఆడుండాది. నాకు ఆడ. దానికి చేతిలో.

నరసమ్మ పొద్దంతా పాప పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటుంది. టైమవుట్ అంటుంది, సెషన్ అంటుంది, లాగిన్ అంటుంది. మా నాయన దాన్ని రెండో తరగతి దాకా బడికి పంపాడు, నన్ను గొడ్ల వెంట పంపాడు. ఆ రెండు తరగతులు ఇప్పుడు నా ముందు ఖర్చు పెడుతోంది.

ఆగస్టు 12, మంగళవారం — ఆళ్ళగడ్డ

ఇది జాగ్రత్తగా రాయి. కేసంతా ఇందులోనే ఉంది.

పొద్దున శైలజ చెప్పింది: "ఈ పొద్దు ప్రోగ్రాం, పెట్టె ఏమేం మాట్లాడుకుంటాండాయో అంతా కనపడేటట్టు పెట్టినా." ల్యాప్‌టాప్ మీద రెండు కిటికీలు. ఒకటి పెద్దది, అందులో పెట్టెల పేర్ల పట్టీ. బాగుంటే పచ్చ, నిలిస్తే ఎరుపు. మూల ఒక చిన్న నల్ల కిటికీ, అందులో ఆ మాటలన్నీ తెల్లగా వానలా పారుతుంటాయి. శైలజ కళ్ళు పెద్ద కిటికీ మీద. ఎరుపు వచ్చినప్పుడల్లా "థూ" అని, ఆ పెట్టెకు తానే చేత్తో పోయి అడుగుతుంది. అది పలుకుతుంది. తల పట్టుకుంటుంది.

"ఏమైనా తిను పాపా" అన్నాను.

"అవ్వా, కాసేపు మాట్లాడించొద్దు. మీటింగ్ ఉండాది."

సరే. నోరు మూసుకున్నాను. నరసమ్మ మాట్లాడితే మీటింగ్ అడ్డం రాదు.

శెనక్కాయల చేట ముందేసుకుని ఒలుస్తూ కూర్చున్నాను. చదువు రానిదానికి ఆ పట్టీ ఎందుకు? పారేదాన్ని చూస్తే పొద్దుపోతుంది కదా అని చిన్న కిటికీనే చూస్తున్నాను. పారి పారి తెల్లగీతలు ఆగుతాయి, ఒక గుర్తు వస్తుంది, తుడిచేసి మళ్ళీ పారుతుంది. బాగున్న పెట్టె. ఇంకొకటి. ఇంకొకటి. తర్వాత ఒకదాని దగ్గర కిటికీ పై నుంచి కింద దాకా నిండిపోయింది. అడుగున ఎడమ పక్క ఒక తోక. రెండు అడ్డగీతలు, నాలుగు అక్షరాలు, మళ్ళీ రెండు అడ్డగీతలు. తోక వచ్చింది, కదల్లేదు. పెద్ద కిటికీలో ఎరుపు.

అప్పుడే నాకు అనుమానం. ఎర్రబడిన ప్రతిసారీ ఒక శెనగగింజ చేట అంచున పెట్టాను. తోక కనపడితే దాని పక్కన ఇంకొక గింజ. మధ్యాహ్నానికి పదకొండు జతలు. ఒంటిగింజ ఒక్కటి లేదు. పచ్చ వచ్చినవాటిలో తోక ఒక్కదానికీ లేదు.

చెబుదామని లేచాను. శైలజ చెవుల్లో ఆ బిరడాలు, ఇంగ్లీషులో ఎవరితోనో మాట్లాడుతోంది, చేయి ఇలా అడ్డం పెట్టింది — ఉండు అని. పొద్దుటి నుంచి నాకు ఆ చేయే. నరసమ్మ మాత్రం దాని భుజానికి ఆనుకునే ఉంది.

వంటింట్లోకి పోయి నరసమ్మను పిలిచి చెప్పాను. "ఇదిగో, ఆ చిన్న కిటికీ నిండినప్పుడు అడుగున తోక మాదిరి ఒకటి వస్తాంది. అది వచ్చిన ప్రతిసారీ ఆడ నిలిచిపోతాంది. గింజలు పెట్టి చూసినా. పాప ఖాళీ అయినాక చెప్పు. నేను చెప్పినానని చెప్పు." ఆ చివరి మాట కచ్చితంగా అన్నాను. దేవుడి గూటి ఎదురుగా అన్నాను.

"ఉండి నువ్వే చెప్పుపో అక్కా" అంది.

"చేయి అడ్డం పెట్టించుకునేదానికి ఉండాల్నా?" అన్నాను. సంచి తీసుకుని సాయంత్రం బస్సు ఎక్కాను. భక్షాల డబ్బా కూడా వెనక్కి తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు.

ఆగస్టు 13, బుధవారం

శైలజ ఫోన్. అరుపులు. "అవ్వా, అయిపోయినాది! మూడొందలూ పచ్చ!"

అసలు సంగతి ఇది. కొత్తది ఎక్కించాక కొన్ని పెట్టెల జవాబు పొడుగైంది. కిటికీ నిండగానే పెట్టె ఆగి, ఇంకా ఉంది చూపించనా అని అడుగుతుంది. ఆ అడగడమే తోక. ఒక మీట నొక్కితే మిగతాది చెబుతుంది. ప్రోగ్రాంకు మీట నొక్కమని ఎవరూ నేర్పలేదు. అది చివరి గుర్తు కోసం నిలబడుతుంది, పెట్టె మీట కోసం నిలబడుతుంది. శైలజ చేత్తో అడిగినప్పుడు దాని కిటికీ పెద్దది, జవాబంతా పట్టేది, తోక వచ్చేది కాదు. అందుకే దానికి ఎన్నడూ కనపడలేదు. ఇప్పుడు లోపలికి పోగానే, నిలబడకుండా మొత్తం చెప్పెయ్యి అని పెట్టెకు ముందే చెప్పించిందట.

వింటూ ఉన్నాను. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అని...

"చిన్నవ్వ చెప్పినాదవ్వా! ఆ చిన్న కిటికీ అడుగున చూడు పాపా అనింది. మీటింగ్‌లో అందరికీ చెప్పినా — మా అవ్వ కనిపెట్టిందని. చప్పట్లు కొట్టినారు. చిన్నవ్వను స్క్రీన్ ముందుకు పిలిచి చెయ్యి ఊపమన్నారు!"

"ఊపిందా?"

"ఊపినాది."

ఊపింది.

ఆగస్టు 14

చూసింది నేను. గింజలు పెట్టింది నేను. పదకొండు జతలు, ఒంటిగింజ లేదు. చెప్పమన్నది నేను, నా పేరు చెప్పి చెప్పమన్నది నేను. చెయ్యి ఊపింది అది.

చిన్నప్పుడు అహోబిళం తిరుణాలలో గాజులు నేను ఏరితే అది తొడుక్కుంది. ఊరుకున్నాను. గాజులు కదా. ఇది నా మనవరాలు. ఈ ముసలిదానికి ఏమీ తెలియదు, దీని దగ్గర కూర్చుంటే పని సాగదు అని అది అనుకుంటుంటే, తెలుసు అని చూపించే సందు ఒక్కటి దొరికింది. ఒక్కటే. దాన్ని కూడా నరసమ్మ చేతిలో నేనే పెట్టి బస్సు ఎక్కాను.

ప్రమీలమ్మ అంటుంది: "పోనీలే ఓబుళమ్మా, పని అయింది కదా." పని కాదమ్మా. ఇప్పుడు పాప ఎక్కడైనా ఉండవచ్చు. ఎక్కడైనా అంటే ఎక్కడ ఉంటుంది? చెయ్యి ఊపినదాని దగ్గర ఉంటుంది.

ఆగస్టు 15

మా ఆయన: "నువ్వు కేసు పెడితే జడ్జీ కూడా ఊరొదిలి పోతాడు."

పోనీ.

ఆగస్టు 16, శనివారం

ఈరోజు నరసమ్మకు నేనే ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టు, పాప కూడా వినాలి అన్నాను. ప్రమీలమ్మ పక్కనే ఉంది, సాక్షి.

"పాపా, నువ్వుండావా?"

"ఉండా అవ్వా."

"నరసమ్మా, ఆ తోకను చూసింది ఎవరే?"

అది నోరు తెరవకముందే మళ్ళీ అడిగాను.

"ఎడం పక్కనా, కుడి పక్కనా?"

"అక్కా..."

"ఎన్ని అడ్డగీతలు? నువ్వు రెండు తరగతులు చదివినావు గదా, ఎన్ని అక్షరాలుండాయి దాంట్లో? చెప్పు. చప్పట్లు కొట్టించుకున్నావు గదా, చెప్పు."

"అవ్వా, ఏందిది?" అని శైలజ. నేను ఆగలేదు. నువ్వు గమ్మునుండు అన్నాను. వినిపించాల్సిందంతా వినిపించాను — గింజలు, వంటిల్లు, దేవుడి గూడు, నా పేరు చెప్పమన్న మాట.

అప్పుడు నరసమ్మ మెల్లగా అంది. "నేను అక్క చెప్పిందనే మొదలుపెట్టినా. కిటికీ అడుగున అనేసరికే పాప ఎగిరినాది, తర్వాత మాట వినలేదు. మళ్ళీ చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పే. అయినా నేనెట్ల చూస్తానక్కా తోక? నాకు పాప మొగమే సరిగ్గా కనపడదు."

"కనపడకపోవడమేంది?"

శైలజ చెప్పింది. రెండు కండ్లకూ పొర. కుడికన్ను దాదాపు మూసుకుపోయిందట. పోయిన నెల పొయ్యి దగ్గర చీర కొంగు అంటుకుంది, పాప చూసి ఆర్పింది. అప్పటి నుంచి వదిలి రాలేకపోయింది. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకునింది అవ్వా. అందుకే నెట్ అని చెప్పినా, పని అని చెప్పినా. పని కూడా నిజమేలే."

కేసు గెలిచాను. ప్రమీలమ్మ పెన్ను పట్టుకుని నా మొగం చూస్తోంది. ఏం రాయమంటావు అంటుంది.

ఏం రాయాలి. ఫోటో వంకర, కాఫీ గ్లాసు, ఎవరు పాపా... అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. పదకొండు తోకలు చూసిన కళ్ళివి.

ఆగస్టు 17

ఒకటే రాయి. రెండు నెలలుగా చూపు పోతోంటే, నాకు చెప్పలేదు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లకు చెప్పింది. నా వెనకాల నడిచి, నా కొంగు పట్టుకుని పెరిగింది. దాని కళ్ళ సంగతి నాకంటే ముందు శైలజకు తెలిసింది.

ఇన్నాళ్ళూ నరసమ్మ మీద కుళ్ళుకున్నాను. ఈరోజు శైలజ మీద.

ఆగస్టు 18, సోమవారం

శైలజ ఫోన్. మీటింగ్‌లో దిద్ది చెప్పిందట. కనిపెట్టింది ఆళ్ళగడ్డ అవ్వ కాదు, నంద్యాల అవ్వ అని. శెనగగింజల సంగతి చెబితే మేనేజరు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడట. మళ్ళీ చప్పట్లు. కొట్టుకోనీ.

"నీ దగ్గరికి వచ్చి ఉంటా అవ్వా, ఆపరేషన్ అయినాక. చిన్నవ్వకు నలభై రోజులు మందు వేసేది అయిపోయినాక."

"ఆపరేషన్ ఎప్పుడు?"

"బుధవారం. కుడికన్ను ముందు."

"యాడ?"

గొంతు తగ్గించింది. "నంద్యాలలోనే అవ్వా."

నంద్యాలలో! మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో. ఆళ్ళగడ్డ నుంచి వచ్చి, కన్ను కోయించుకుని, కట్టు కట్టుకుని, నా వీధి చివర నుంచి బస్సెక్కి వెనక్కి పోవాలని అనుకున్నారు. నాకు తెలియకుండా.

ఆగస్టు 19, మంగళవారం

నరసమ్మకు ఫోన్ చేశాను. స్పీకర్ వద్దన్నాను.

"నలభై రోజులు నా ఇంట్లో ఉండు. మందు నేనేస్తా."

"వద్దక్కా. పాప ఉంటాది."

"పాపకు ఉద్యోగముండాది. నేను ఖాళీ."

"సీసాలు మూడుంటాయంట. పేర్లు చదివి ఏయాల."

"మూతల రంగు చూసి ఏస్తా. నీకంటే నాకే బాగా కనపడతాది."

నవ్వింది. ఆ ఫోన్ తగువు తర్వాత ఇదే నవ్వడం. తర్వాత అంది, "నీ ఇంట్లో ఉంటే నీ మాటలు పడాల. కన్ను మూసుకుని ఉన్నప్పుడు చెవులు మాత్రమే ఉంటాయి గదక్కా. నలభై రోజులు నీ మాటలంటే నావల్ల కాదు."

మొగాన అంది. నేను నేర్పిన నోరే.

"తిట్టను" అన్నాను.

"నువ్వా?"

"నలభై రోజులు."

"మొన్న ఫోన్లో ఎన్ని అడ్డగీతలు అని అడిగినావే... నాకు ఆ రాత్రంతా చెవిలో అదే." నన్ను ఇక మాట్లాడనివ్వలేదు. "పాప ఉంటాదిలే అక్కా. నువ్వు రావాకు" అని పెట్టేసింది.

మా ఆయనతో చెబితే ఈసారి నవ్వులాట లేదు, చెప్పులేసుకుని ఆస్పత్రి వైపు పోయాడు.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున్నే ప్రమీలమ్మను లేపి కూర్చోబెట్టాను. కాఫీ ఇంకా కాలేదు, ఆమె మొగం ముడుచుకుని రాస్తోంది. త్వరగా రాయి.

ఎనిమిదికి ఆస్పత్రికి రమ్మన్నారట. నిన్న సాయంత్రం మా ఆయన పోయి కనుక్కొచ్చాడు. లోపలికి ఒక్కరినే పంపుతారు. కిటికీ దగ్గర చీటీ రాసేటప్పుడు తోడు ఎవరని రోగినే అడుగుతారు. రోగి ఎవరి పేరు చెబితే వాళ్ళే లోపలికి పోవాలి. మందు ఎలా వేయాలో వాళ్ళకే నేర్పుతారు. ఇంటికి తీసుకుపోయేది కూడా వాళ్ళే.

శైలజకు రాత్రి చెప్పాను, నువ్వు పక్కకు తప్పుకో అని. "నేను తప్పుకోనవ్వా. చిన్నవ్వ నీ పేరు చెబితే నువ్వు పో. నా పేరు చెబితే నేను పోతా" అంది. నా పెంపకమే. తప్పు పట్టడానికి లేదు.

బతిమాలను. అక్కడ నోరు తెరిస్తే, చూడు మళ్ళీ మొదలుపెట్టింది అంటుంది. ఆ చీటీల కిటికీ దగ్గర ఒక పక్కన నిలబడతాను. నేను వచ్చినట్టు దానికి కనపడదు. చీటీ రాసే ఆమె అడుగుతుంది కదా, తోడు ఎవరమ్మా అని — అప్పుడు ఒక్కసారి దగ్గుతాను. నా దగ్గు దానికి తెలుసు.

చాలు ప్రమీలమ్మా. లే. ఏడు దాటింది.